కోర్టులో ఏం జరిగిందో ముద్దాయికి తెలుగులో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కోర్టుల గురించి పేపర్లో ఎప్పుడు చదివినా రెండే సంగతులు కనిపిస్తాయి, ఒకటి పేరుకుపోయిన కేసులు, రెండోది ఖాళీగా ఉన్న జడ్జి పోస్టులు. రెండూ నిజమే, కాదనను. కానీ బోనులో నిలబడ్డ మనిషికి ఆ కోర్టు ఎలా కనిపిస్తోంది, తనకి న్యాయం జరిగిందని అతను అనుకుంటున్నాడా లేదా అని అడిగిన వాళ్లని నేను చూడలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్లీడరు గారి దగ్గర ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పని చేశాను. బెంచి మీద నుంచి జడ్జిగారికి కనిపించే ముద్దాయి చేతులు కట్టుకుని తలొంచుకుని ఉంటాడు. అదే మనిషి వరండాలోకి వచ్చాక మా గుమాస్తాలతో మాట్లాడే మాటలు వేరుగా ఉంటాయి. ఆ మాటలు విన్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడుగైనా వేసుకోండి.

చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తాను. శిక్ష పడ్డవాళ్లకి కోర్టు మీద కోపం ఉంటుందని, కేసు కొట్టేసినవాళ్లు సంతోషంగా ఉంటారని బయటివాళ్లు అనుకుంటారు. నేను చూసినంతలో అలా లేదు. తన కేసులో ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేక, తను చెప్పేది వినేవాళ్లు లేక ముద్దాయికి నమ్మకం పోతుంది. ఆ తర్వాత కేసు గెలిచినా ఆ నమ్మకం తిరిగి రాదు.

ఒక కౌలు రైతు సంగతి చెప్తాను, ఊరూ పేరూ అక్కర్లేదు. గట్టు తగాదాలో పక్క చేనాయన్ని కర్రతో కొట్టాడని కేసు. ఆ పూట తను అసలు ఊళ్లోనే లేనని, ధాన్యం తోలుకుని మిల్లుకి వెళ్లానని మొదటి రోజు నుంచీ ఒకటే మాట మీద ఉన్నాడు. మిల్లు దగ్గర కాటా వేసిన చీటీ ఉంది, దాని మీద తేదీ, టైము, ట్రాక్టరు నంబరు ఉన్నాయి. ఆ చీటీని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతి వాయిదాకీ తెచ్చేవాడు, "ఇవాళ అడుగుతారాండీ" అనేవాడు. అలా ఏళ్లు గడిచాయి. ఈలోగా పెద్దమనుషులు కూర్చోబెట్టి ఇద్దరికీ రాజీ చేశారు, కానీ ఆ సెక్షను కోర్టులో రాజీకి వీల్లేనిది కాబట్టి మామూలుగా జరిగేదే జరిగింది, దెబ్బలు తిన్నాయన సాక్ష్యానికి వచ్చి ఎవరు కొట్టారో నాకు తెలీదన్నాడు, మిగతా సాక్షులూ అడ్డం తిరిగారు. మా ప్లీడరు గారు ఆ చీటీ బయటికి తీయలేదు. తీయాల్సిన పనీ లేదు, అవతల సాక్ష్యం మొత్తం పడిపోయాక మనం డిఫెన్సు సాక్ష్యం పెట్టి మన మనిషిని ఎదురు ప్రశ్నలతో క్రాస్ చేసే అవకాశం వాళ్లకి ఎందుకివ్వాలి, ఏ ప్లీడరైనా అదే చేస్తాడు. కేసు కొట్టేశారు.

బయటికొచ్చాక ఆయన అడిగింది ఇప్పటికీ నాకు గుర్తే. "అయితే నేను కొట్టలేదని రాశారాండీ?" అన్నాడు. తీర్పు ఇంగ్లీషులో ఉంది, నేను చదివి చెప్పాను, ప్రాసిక్యూషన్ వాళ్లు నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయలేకపోయారని ఉంది. "అంటే కొట్టానో లేదో తెలీదనా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఊళ్లో వాళ్లేమన్నారో తర్వాత తెలిసింది, డబ్బులిచ్చి సాక్షుల్ని తిప్పుకున్నాడు అన్నారు. తను ఆ రోజు మిల్లు దగ్గర ఉన్నాడని రుజువు జేబులో ఉండి కూడా అంతకాలం కోర్టుకి తిరిగి, గెలిచి, చెడ్డ పేరుతో ఇంటికి వెళ్లాడు. చట్టం లెక్కలో ఆ తీర్పులో తప్పేమీ లేదు. ఆయన లెక్కలో మాత్రం తన కేసు అసలు విచారణకే రాలేదు.

ఇది ఆయనొక్కడి మనస్తత్వం కాదని మా ప్లీడరు గారి అమ్మాయి ఎల్‌ఎల్‌ఎం చదివే రోజుల్లో చెప్పింది. టామ్ టైలర్ అని అమెరికా ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారట, 1980ల నుంచి షికాగో లాంటి చోట్ల కోర్టులకీ పోలీసుల దగ్గరకీ వెళ్లొచ్చిన మామూలు మనుషుల్ని కదిపి చూశారు. కేసు గెలిచామా ఓడామా అన్నదాని కంటే, మా మాట విన్నారా, మర్యాదగా మాట్లాడారా, అందరినీ ఒకేలా చూశారా అన్నదాన్ని బట్టే వాళ్లు న్యాయం జరిగిందో లేదో చెప్పారట. షికాగో ట్రాఫిక్ కోర్టులో కొందరు జడ్జీలు, పని మానుకుని ఇక్కడిదాకా రావడమే మీకు చాలిన శిక్ష అని, వచ్చిన వాళ్ల కేసులు విచారణ లేకుండానే కొట్టేసి పంపించేసేవారట. జరిమానా లేదు, ఏమీ లేదు, వాళ్లు ఎగిరి గంతేయాలి కదా. లేదు, చాలామంది కోపంగా వెళ్లేవాళ్లట, ఎందుకంటే వాళ్లు ఫోటోలు తీసుకుని, చెప్పాల్సింది అనుకుని వచ్చారు, చూసిన నాథుడు లేడు. ఆ అమ్మాయి ఇది చెప్తుంటే నాకు మా కాటా చీటీ ఆయనే గుర్తొచ్చాడు.

ఇక మన కోర్టు సంగతి. పొద్దున పదిన్నరకి కాల్ వర్క్, అంటే కేసులు వరసగా పిలవడం, మొదలవుతుంది. బెంచి క్లర్కు నంబరు చదువుతాడు, బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు మూడుసార్లు కేకేస్తాడు, ముద్దాయి పరుగున వచ్చి బోనులో నిలబడతాడు. ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు ప్లీడరు, ఒక ముక్క, మా ప్లీడరు గారు ఒక ముక్క, జడ్జిగారు ఒక ముక్క, మొత్తం ఇంగ్లీషులో, అర నిమిషం. ఫైలు పక్కకి పోతుంది. ముద్దాయికి వెళ్లొచ్చో లేదో కూడా తెలీదు, అక్కడే నిలబడి ఉంటాడు, కోర్టు కానిస్టేబుల్ చెయ్యి ఊపితే దిగుతాడు. బయటికొచ్చి నన్ను అడుగుతాడు, "ఏమైందండీ?" వాయిదా పడింది, ఫలానా తారీఖు రండి అంటాను. ఎందుకు పడింది అంటే సగం సార్లు నాకూ తెలీదు. డాక్టరు గారు సాక్ష్యానికి రాలేదా, సమన్లు అందలేదా, జడ్జిగారు సెలవా, మన ప్లీడరు గారే టైము అడిగారా? ఆ ముద్దాయి ఆ రోజు కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం దాకా కూర్చుని అర నిమిషం నిలబడి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో తెలీకుండా వెళ్లాడు.

న్యాయంగా చెప్పాలంటే సాక్షి చెప్పేది తెలుగులోనే చెప్తాడు, అది ముద్దాయికి అర్థమవుతుంది. జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకి చెప్తారు, రికార్డులో ఉండేది అది. ప్లీడర్ల వాదన ఇంగ్లీషు, ఉత్తర్వు ఇంగ్లీషు, తీర్పు ఇంగ్లీషు. ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుని అధికార భాష చేసిన చట్టం 1966 నాటిది, కింది కోర్టుల్లో తెలుగు వాడడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. హైకోర్టులోనే చేయగలిగారు కదా, 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఒక కుటుంబ భూ తగాదాలో తీర్పు తెలుగులో ఇచ్చింది, అప్పుడు మీ పేపర్లన్నీ పెద్దగా రాశాయి. అంత గొప్ప తీర్పులు నేను అడగడం లేదు, ఇవాళ వాయిదా ఎందుకు పడిందో ఒక్క వాక్యం తెలుగులో చెప్పమంటున్నాను.

ఆ ఒక్క వాక్యం చెప్పకపోతే ఏమవుతుందో బయటివాళ్లకి తెలీదు, మా గుమాస్తాలకి తెలుసు. ఒక రోజు కారులో వచ్చిన ముద్దాయి కేసు ముందు పిలిచారు, వాళ్ల సీనియర్ ప్లీడరు గారు పదకొండున్నరకి ఇంకో కోర్టులో ఉండాలని పర్మిషన్ అడిగారు, అంతే. కానీ వెనక బెంచీ మీద కూర్చున్న ఇరవై మందికీ అది తెలీదు. వాళ్లకి కనిపించింది ఏమిటి? కారు, తెల్ల చొక్కా, ముందు పిలుపు. "మనదాకా వస్తే రేపటికి తోస్తారు చూడు" అని పక్కవాడితో అన్నాడొకడు, ఆ రోజు అతని కేసు నిజంగానే వాయిదా పడింది, ఇక అతనికి వేరే రుజువు కావాలా?

బ్రోకర్లు బతికేది ఇక్కడే. కోర్టు ఆవరణలో, టీ కొట్ల దగ్గర తిరిగే మనుషులు కొందరుంటారు. ముద్దాయికి ఏం తెలీదని వాళ్లకి తెలుసు. "లోపల మాట్లాడాను, పని అయిపోతుంది, పైవాళ్లకి ఇవ్వాలి" అని డబ్బు తీసుకుంటారు. నిజానికి లోపల ఎవరితోనూ మాట్లాడి ఉండరు. కేసు దానంతటది కొట్టేస్తే నా వల్లే అంటాడు, శిక్ష పడితే అవతలివాడు ఎక్కువిచ్చాడు అంటాడు. చేతులకి మట్టి అంటని జడ్జిగార్ల మీద కూడా ఊళ్లలో చెడ్డ పేరు రావడానికి ఈ మనుషులు కారణం. వాళ్ల వ్యాపారానికి పెట్టుబడి కోర్టు హాల్లో ఉన్న ఆ మౌనమే. ఏం జరిగిందో జడ్జిగారే తెలుగులో చెప్తే వాళ్ల నోట్లో మట్టి పడుతుంది.

పిలుపు గురించి ఇంకో మాట. బంట్రోతు కేకేసినప్పుడు ముద్దాయి బాత్రూముకి వెళ్లి ఉంటాడు, లేదా జెరాక్సు షాపు దగ్గర ఉంటాడు, పలకలేదని వారంటు రాసేస్తారు. అయిదు నిమిషాల్లో రొప్పుతూ వస్తాడు. మంచి జడ్జిగారైతే మళ్లీ పిలుస్తారు, లేకపోతే వారంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయాలి, దానికి ఖర్చు, టెన్షన్, జైల్లో వేస్తారేమోనని భయం. ఆడవాళ్లైతే ఆ వారంటు మాట వినగానే ఏడుపు మొదలెడతారు. పొద్దున్నే లిస్టు గోడ మీద అంటిస్తారు, మీ కేసు పన్నెండు తర్వాతే వస్తుందని దాని మీద రాస్తే ఎంత బాగుంటుంది? ఆస్పత్రిలో టోకెను ఇస్తారు, బ్యాంకులో ఇస్తారు, మనిషి స్వేచ్ఛకి సంబంధించిన చోట మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెవులు రిక్కించుకుని కూర్చోవాలి.

నిలబెట్టడం కూడా అంతే. సాక్ష్యం జరుగుతున్నంతసేపూ ముద్దాయి నిలబడే ఉండాలని ఏ సెక్షనులోనూ లేదు. మధ్యప్రదేశ్ నుంచి వెళ్లిన అవతార్ సింగ్ కేసులో 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ప్రత్యేకించి అవసరమైతే తప్ప విచారణలో ముద్దాయిని కూర్చోనివ్వాలని. మోకాళ్ల నొప్పులతో బోను చెక్క పట్టుకుని గంటలు నిలబడ్డ ముసలివాళ్లని నేను చూశాను. అడిగే ధైర్యం వాళ్లకి లేదు, మాకూ లేదు. పెద్దమనిషి అనుకున్న ముద్దాయికి అదే హాల్లో కుర్చీ వేయడం కూడా చూశాను. అందరూ చూశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సాక్ష్యాలన్నీ అయ్యాక ముద్దాయిని జడ్జిగారు స్వయంగా అడిగే ఘట్టం ఒకటుంది, పాత చట్టంలో 313 సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 351. కేసు మొత్తంలో ముద్దాయి తన నోటితో తన మాట చెప్పుకునే చోటు దాదాపుగా అదొక్కటే. ప్రమాణం చేయించరు, చెప్పకపోయినా శిక్ష లేదు. అది తంతు కాదని సుప్రీంకోర్టు చాలాసార్లు మందలించింది. మన దగ్గర ఎలా జరుగుతుందో చెప్తాను. ప్రశ్నలు ముందే ఇంగ్లీషులో టైపు చేసి ఉంటాయి. "ఒకటో సాక్షి నువ్వు కొట్టావని చెప్పాడు, ఏమంటావు?" అబద్ధం. "రెండో సాక్షి కూడా అదే చెప్పాడు, ఏమంటావు?" అబద్ధం. "ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?" ఇక్కడ ముద్దాయి గొంతు సవరించుకుంటాడు, ఏళ్ల తరబడి అనుకున్నది చెప్పబోతాడు, "ఆ రోజు అసలేం జరిగిందంటేనండీ" అని మొదలెడతాడు. అప్పటికే మా ప్లీడరు గారు కళ్లతో సైగ చేస్తారు వద్దని, లేదా బెంచి దగ్గర నుంచే "అవన్నీ మీ వకీలు చెప్తారులే, సంతకం పెట్టు" అని వస్తుంది. సంతకం పెట్టి దిగుతాడు.

ప్లీడర్లు ఎందుకు వద్దంటారో నాకు తెలుసు. నోరు జారి ఏదైనా ఒప్పుకుంటే అది కేసుకి ఎదురు తిరుగుతుంది. ఆ జాగ్రత్త అవసరమే. కానీ రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చే వీలు కూడా అదే సెక్షనులో ఉంది కదా, ప్లీడరు గారు ముందు రోజు ముద్దాయిని కూర్చోబెట్టుకుని ఒక పేజీ తెలుగులో రాసి దాఖలు చేయొచ్చు. చేసేవాళ్లు నూటికి ఎంతమంది ఉన్నారో మా ప్లీడర్ల సంఘమే ఆలోచించుకోవాలి. తప్పంతా బెంచిదే అనను, ముద్దాయితో పది నిమిషాలు మాట్లాడని మా ఆఫీసులది కూడా.

వేరేలా చేసిన జడ్జిగారు ఒకరు మా కోర్టుకి వచ్చారు, ఒక మేడమ్ గారు. అప్పుడే సర్వీసులో చేరిన అమ్మాయి. ప్రతి వాయిదాకీ ఫైలు పక్కన పెట్టే ముందు ముద్దాయి మొహం చూసి తెలుగులో చెప్పేవారు, "ఇవాళ డాక్టరు గారు రాలేదు, మళ్లీ సమన్లు పంపాం, వచ్చే నెల పన్నెండున వస్తారు, నువ్వు కూడా రా." అంతే, దానికి పది సెకన్లు కూడా పట్టేది కాదు. ఆవిడ లిస్టు కూడా అందరి లిస్టు లాగే ఎనభై, తొంభై కేసులు ఉండేది. ఆవిడ కోర్టులో చేపల చెరువు మోటారు దొంగతనం కేసులో ఒకతనికి శిక్ష పడింది. ముందు అతను తన గోడంతా చెప్పుకున్నాడు, చెరువు యజమాని తనకి జీతం బాకీ అని, మోటారు తీసుకెళ్లి బాకీ కింద పెట్టుకున్నానని. ఆవిడ మధ్యలో ఆపలేదు. తీర్పు రోజు తెలుగులో విడమర్చి చెప్పారు, నీకు బాకీ ఉన్నమాట నిజమే కావచ్చు, దానికి వేరే దారి ఉంది, చెప్పకుండా మోటారు తీసుకెళ్లడం దొంగతనమే అవుతుంది, అందుకని శిక్ష వేస్తున్నాను, అప్పీలు చేసుకోవచ్చు, లాయరు లేకపోతే ఉచితంగా ఇస్తారు అని. వ్యాన్ ఎక్కే ముందు అతను వాళ్లావిడతో అన్నమాట, "నా బాకీ సంగతి కాయితంలో రాశారు." జైలుకి వెళ్తూ కోర్టుని ఒక్క తిట్టు తిట్టలేదు. కేసు కొట్టేసిన మా కౌలు రైతు మాత్రం కోర్టు మెట్ల వైపు మళ్లీ చూడనని ఒట్టేసుకుని వెళ్లాడు. ఈ రెండూ ఒకే ఆవరణలో చూశాను.

బెయిలు దగ్గర జరిగే అన్యాయం ఇంకో రకం. బెయిలు వచ్చిందంటారు, మనిషి మాత్రం సబ్ జైల్లోనే ఉంటాడు, ఎందుకంటే ఇద్దరు జామీనుదారులు కావాలి, వాళ్లకి ఇల్లో పొలమో ఉండాలి, పన్ను రసీదులు కావాలి, అవి నిజమైనవో కాదో సరిచూడాలి. కూలి చేసుకునేవాడి చుట్టాలు కూలి చేసుకునేవాళ్లే, వాళ్లకి పట్టా పుస్తకం ఎక్కడి నుంచి వస్తుంది? దీని మీద 1978లోనే మోతీరామ్ అనే తాపీ మేస్త్రి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు కడిగిపారేశారు. పదివేల జామీను అడిగారు, అతని తమ్ముడో అన్నో జామీను ఉంటానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదన్నారు. మలయాళీయో తమిళుడో తెలుగువాడో ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని ఆ తీర్పులో అడిగారు. తెలుగువాడి పేరెత్తి మరీ అడిగిన ఆ ప్రశ్న తెలుగు నేల మీద ఇప్పటికీ అడగాల్సి వస్తోంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది, బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలి, నెల దాటినా జామీను కుదరకపోతే షరతులు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు, స్థానిక జామీనుదారుడే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణం అని. ఈ ఏడు రోజుల సంగతి జైల్లో ఉన్నవాడికి ఎవరు చెప్పారు? 2022 జైలు లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. వాళ్లలో ఎంతోమందికి కోర్టు అంటే ఇప్పుడు జైలు గదిలో ఒక టీవీ తెర, రిమాండు పొడిగింపుకి పేరు పిలుస్తారు, ఉన్నానండీ అంటాడు, తెర ఆరిపోతుంది.

ఉచిత లాయరు గురించి కూడా చెప్పాలి. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది. 15100 కి ఫోన్ చేసినా చాలు. 2022 నుంచి జిల్లాల్లో పూర్తికాలం డిఫెన్సు లాయర్లని కూడా పెడుతున్నారు. అయినా మా దగ్గరకి వచ్చేవాళ్లు పుస్తెలు కుదువపెట్టి ఫీజు తెస్తారు, గవర్నమెంటు లాయరు వద్దు బాబూ, ఆయన అవతలివాళ్ల మనిషి అంటారు. మా ప్లీడరు గారి అమ్మాయి దీనికీ ఒక ఉదాహరణ చెప్పింది. 1970 ప్రాంతంలో కాస్పర్ అనే ఆయన అమెరికా కనెక్టికట్ రాష్ట్రంలో ముద్దాయిలతో మాట్లాడుతూ ఒకణ్ణి అడిగాడట, కోర్టులో నీకు లాయరు ఉన్నాడా అని. "లేడు, పబ్లిక్ డిఫెండర్ ఉన్నాడు" అన్నాడట అతను, అంటే గవర్నమెంటు ఇచ్చే లాయరన్నమాట. మన ముద్దాయి కూడా సరిగ్గా అదే అంటాడు. పనితనం తక్కువని కాదు, ఉచిత లాయర్లలో గట్టివాళ్లని నేనెరుగుదును. కేసుకి ముందు వచ్చి పక్కన కూర్చుని మాట్లాడనివాడు ఎంత బాగా వాదించినా ముద్దాయికి తన మనిషి అనిపించడు.

పెట్టీ కేసుల్లో ఇంకో ఘోరం ఉంది, తొందరగా చెప్పి ముగిస్తాను. "ఒప్పేసుకో, ఫైను కట్టేసి పోదాం" అనే మాట రోజూ వింటాం. తప్పు చేయని కుర్రాళ్లు కూడా వాయిదాలు తిరగలేక ఒప్పుకుంటారు. ఒప్పుకుని ఫైను కట్టడం అంటే శిక్ష పడ్డట్టే లెక్క అని, రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో అప్లై చేస్తే అది పైకి వస్తుందని వాళ్లకి ఆ క్షణంలో చెప్పేవాళ్లు ఉండరు. డిగ్రీ చదివే పిల్లలు రెండేళ్ల తర్వాత మా ఆఫీసుకి వచ్చి, "ఆ రోజు ఫైనే కదా అన్నారు" అని తల పట్టుకుని కూర్చున్నారు.

ఇదంతా చదివి, కోర్టులకి టైమెక్కడుంది అంటారు. టైము లేదన్నది నిజమే, ఒక మేజిస్ట్రేటు గారు రోజంతా పడే కష్టం నేను దగ్గర నుంచి చూశాను. కానీ నేను అడిగేవి టైము తినేవి కావు. వాయిదా వేసినప్పుడు కారణం, తర్వాతి తేదీ, ఆ రోజు ఏం జరుగుతుంది, ఈ మూడూ తెలుగులో అచ్చు వేసిన చీటీ ఒకటి బెంచి క్లర్కు టిక్కు పెట్టి ముద్దాయి చేతికివ్వాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో వివరాలు ఉన్నాయి కదా అంటారు, ఉన్నాయి, పదహారు అక్షరాల నంబరో కేసు నంబరో కొట్టాలి, కేసు ఏ దశలో ఉందో ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది, కౌలు రైతు అది చదివి ఏం తెలుసుకుంటాడు? అదే సమాచారం తెలుగులో ఫోనుకి మెసేజ్ పంపితే చదవడం రానివాడికి కొడుకో కూతురో చదివి పెడతారు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు అరెస్టుకి కారణాలు రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. అరెస్టు రోజున ఉన్న ఆ హక్కు తర్వాత కోర్టులో గడిచే ఏళ్లన్నింటిలోనూ ఉండొద్దా?

తీర్పు నకలు సంగతి కూడా చాలామందికి తెలీదు. ముద్దాయి అడిగితే తీర్పు నకలు ఆలస్యం లేకుండా ఇవ్వాలని, కోరితే, వీలైతే అతని భాషలో అనువాదం ఇవ్వాలని పాత చట్టంలో 363లో ఉండేది, కొత్తదాంట్లో 404లో ఉంది. నేను అన్నేళ్లు పని చేసినా తెలుగు అనువాదం కావాలని కాపీ అప్లికేషన్ పెట్టిన ముద్దాయిని చూడలేదు, అలా అడగొచ్చని వాళ్లకి తెలీదు కాబట్టి. సుప్రీంకోర్టు తీర్పులే తెలుగులోకి మార్చి వెబ్‌సైట్లో పెడుతున్నారు, మునిసిపల్ టౌను మేజిస్ట్రేటు కోర్టు తీర్పు నాలుగు పేజీలు మార్చలేమా?

ఎడిటర్ గారూ, మీ పేపరుకి నాదొక విన్నపం. జిల్లా ఎడిషన్లో వారానికి ఒకసారి పావు పేజీ ఈ విషయానికి ఇవ్వండి. సెక్షన్ల పాండిత్యం వద్దు, ముద్దాయిలు వరండాలో అడిగే ప్రశ్నలకి ఒక అనుభవం ఉన్న ప్లీడరు గారి చేత, వీలైతే రిటైరైన జడ్జిగారి చేత తెలుగులో సమాధానాలు రాయించండి. ప్రశ్నలు నేను పంపిస్తాను. వారంటు పడ్డాక నేనే వెళ్లి హాజరైతే లోపలేస్తారా? సాక్షి రాకపోతే నేనెందుకు రావాలి? ఒంట్లో బాగోలేదని నా బదులు ప్లీడరు గారు పిటిషన్ వేస్తే చాలా? నా దగ్గర కాయితం ఉంది, అది జడ్జిగారికి ఎప్పుడు చూపించాలి? ముందు ఈ ఆఖరిదానికి సమాధానం వేయండి.

ఇట్లు,
రిటైరైన వకీలు గుమాస్తా,
పశ్చిమ గోదావరి జిల్లా